తొమ్మిది రాత్రుల కాశీ

ఒకప్పుడు మన ఇళ్ళలో దేవుడి గూట్లో పిడికెడంత రాగి చెంబు ఒకటి ఉండేది. మూత పెట్టి, చుట్టూ టంకంతో మాటు వేసి ఉండేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గంగ కదిలిన చప్పుడు వినిపించేది. పండగలకు చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఇంట్లో పెద్దప్రాణం పోయే వేళ మాత్రమే మాటు విప్పి, తులసిదళంతో రెండు చుక్కలు గొంతులో పోసేవారు. ఆ తరానికి కాశీ అంటే ముందు ఆ చెంబే.

అది ఇంటికి రావడం అంత తేలిక కాదు. ‘కాశీకి పోయినా కాటికి పోయినా ఒకటే’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరిన, ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. అంటే పదిహేను నెలల పైమాటే. రైళ్ళు వచ్చాక అదే దారి రెండు మూడు రోజులకు వచ్చింది. అయినా వెళ్ళేవాళ్ళు అప్పులు తీర్చి, తాళాలు కొడుకుల చేతికిచ్చి, అందరికీ చెప్పి మరీ కదిలేవారు.

కోస్తా వాళ్ళలో చాలామంది హౌరా వెళ్ళి అక్కడి నుంచి గయ మీదుగా, కాశీకి ముందున్న రైల్వే జంక్షన్ మొగల్‌సరాయి చేరేవారు. మద్రాసు నుంచి విజయవాడ, వరంగల్లు మీదుగా పోయే గంగా కావేరీ ఎక్స్‌ప్రెస్ వచ్చాక బండి మారే బాధ చాలామందికి తప్పింది. ట్రంకుపెట్టె, హోల్డాలు, కిరోసిన్ స్టవ్వు, చింతపండు ఉండలు, కారప్పొడి, చిన్న జాడీలో ఆవకాయ. ఇవి లేకుండా బయలుదేరితే మూడో రోజుకే నోరు చచ్చిపోతుందని ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళు హెచ్చరించేవారు. అది నిజం. అక్కడి పప్పులో పులుపు ఉండదు, కూరలో మన కారం ఉండదు.

మొగల్‌సరాయి వైపు నుంచి వచ్చేవాళ్ళకు దక్కే భాగ్యం ఒకటుంది. రాజ్‌ఘాట్ దగ్గర రైలు గంగను దాటుతుంది. 1887లో కట్టిన వంతెన అది. కింద రైలు, పైన రోడ్డు. ఎడమచేతి వైపు కిటికీ దగ్గర కూర్చుంటే నెలవంకలా వంగిన ఘాట్లన్నీ ఒక్కసారిగా కంటబడతాయి. ఆ నిమిషం కోసం పెద్దవాళ్ళు కొంగున ముడివేసుకున్న నాణెం ముందే తీసి పట్టుకునేవారు. ఇనుప కమ్మీలకు తగిలి ఠంగున మోగి నాణెం నీళ్ళలో పడేది. ప్రయాగ వైపు నుంచి నేరుగా వచ్చే బండి ఈ వంతెన ఎక్కదు. ఆ దారిన వచ్చినవాళ్ళకు ఆ తొలి చూపు ఉండదు. ఈ ఒక్క కారణానికే నేనైతే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ మీదుగా వచ్చే బండినే ఎంచుకోమంటాను. 2018లో మొగల్‌సరాయి పేరు అలా మారింది.

తెలుగువాళ్ళ కాశీకి లెక్క తొమ్మిది రాత్రులు. తొమ్మిది నిద్రలు చేస్తే మళ్ళీ తొమ్మిది నెలల గర్భవాసం ఉండదని నమ్మకం. లెక్క రాత్రులది, పగళ్ళది కాదు. సాయంత్రం దిగినా ఆ రాత్రి లెక్కలోకి వస్తుంది. కానీ ఆ తొమ్మిదింట్లో ఒక్క రాత్రి గయలోనో ప్రయాగలోనో పడుకుంటే అది లెక్క తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ప్రయాగకు తెల్లవారుజామున వెళ్ళి రాత్రికి కాశీ చేరుకునేలా చూసుకుంటారు. దూరం సుమారు 120 కిలోమీటర్లే. గయ అంతకు రెట్టింపు. దాన్ని తొమ్మిది నిద్రలూ అయ్యాకే పెట్టుకోవడం మేలు. ఇప్పుడు రెండు రోజుల్లో కాశీ, ప్రయాగ, అయోధ్య చుట్టి వచ్చే టూర్లు వచ్చాయి. వాటిలో వెళ్ళినవాళ్ళు విశ్వనాథుణ్ణి చూసి వస్తారు, కాశీని చూడరు.

ఉత్తరాదివాళ్ళది ఒక నానుడి ఉంది: ‘ప్రయాగ ముండే, కాశీ ఢూంఢే, గయా పిండే’. ప్రయాగలో శిరోముండనం, గయలో పిండం, కాశీలో వెతుకులాట. కాశీలో చేయాల్సిన పని వెతకడమే. గల్లీ గల్లీ తిరగాలి. ఇంటి గోడలో లింగం ఉంటుంది, రావిచెట్టు మొదట్లో గణపతి ఉంటాడు, బట్టల కొట్టు వెనక శక్తి ఉంటుంది. దానికి కాళ్ళే సాధనం, తొమ్మిది రోజులే గడువు.

బస విషయంలో మనవాళ్ళ చోటు ముందే స్థిరపడిపోయింది. కేదారఘాట్, మానససరోవర్ ఘాట్, హనుమాన్ ఘాట్, పాండే హవేలీ. ఈ గల్లీల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు మాటలు వినిపిస్తాయి. ఆంధ్రాశ్రమం, కరివెన సత్రం వంటివి ఈ యాత్రను బతికించాయి. ఈ పేటలోనే ఎందుకంటే, కాశీలో ఒక్కో భాగానికి ఒక్కో మహిమ చెబుతారు. కాశీలో పోయినవాడికి జన్మ ఉండదు కానీ, పాపానికి తగ్గ భైరవయాతన ఒక్క క్షణమైనా అనుభవించాలంటారు. ఈ పేట ఉన్న కేదారఖండంలో పోతే ఆ యాతన కూడా లేదని కేదార మాహాత్మ్యం. కాశీవాసానికి వచ్చిన దక్షిణాది పెద్దలు ఇక్కడే చిన్న గది చూసుకుని ఉండిపోయారు. క్షేత్రసన్యాసం పట్టినవాళ్ళు కాశీ పొలిమేర దాటేవారు కాదు. అవతలి ఒడ్డు కాశీలోకి రాని వ్యాసకాశి కనుక పడవెక్కి అటు కూడా పోయేవారు కాదు.

సత్రంలో మధ్యాహ్నం భోజనం కావాలంటే పొద్దున్నే ఆఫీసులో పేర్లు రాయించాలి. స్నానం, దర్శనం అయ్యాక పదకొండింటికి వచ్చి అడిగితే, వండింది పేర్లు రాయించినవాళ్ళకే సరిపోతుంది. కొన్నిచోట్ల మూడు రోజులకు మించి గది ఇవ్వరు. తొమ్మిది నిద్రల సంగతి ముందే ఉత్తరంలోనో ఫోన్‌లోనో చెప్పి, మిగిలిన ఆరు రాత్రులకు రెండో చోటు చూసుకోవాలి. కార్తీకం, మాఘం, శివరాత్రి రోజుల్లో ఇంకా ముందుగా.

ఇక గంగ. హిమాలయం నుంచి ఆగ్నేయంగా పారుతూ వచ్చిన నది కాశీలో ఉత్తరానికి తిరుగుతుంది. ఊరంతా పడమటి గట్టు మీదే ఉంది. ఎదుటి ఒడ్డు ఇసుక తిన్నె, వరదల్లో నదిలో కలిసిపోతుంది. అందుకే కాశీలో సూర్యోదయానికి అడ్డు లేదు. మెట్ల మీద నిలబడితే సూర్యుడు ఇసుకలోంచి పుట్టి నేరుగా ముఖం మీదికి వస్తాడు. మధ్యాహ్నం దాటాక మేడల నీడ మెట్ల మీద పడుతుంది. వేసవిలో మెట్ల మీద కూర్చోవాలంటే ఆ నీడ వచ్చాకే. పొద్దున పది దాటితే రాయి కాలి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి.

స్నానం తెలియక చేసేవాళ్ళు జారిపడేది ఎక్కువగా మూడో మెట్టు మీద. మొదటి రెండు మెట్లూ నీళ్ళు తగులుతూ ఆరుతూ ఉంటాయి. దాని కింది మెట్టు ఎప్పుడూ మునిగి ఉండి పాచి పడుతుంది. వేళ్ళు నొక్కి, అడుగు అడ్డంగా పెట్టి, గొలుసు పట్టుకుని దిగాలి. గొలుసు లేని ఘాట్‌లో కట్టేసిన పడవ అంచు పట్టుకోవచ్చు, తాడు మాత్రం పట్టుకోకూడదు. అల వస్తే తాడు బిగిసి వేళ్ళు నలుగుతాయి. నడుములోతు చాలు. నీళ్ళ కింద మెట్లు కొన్నిచోట్ల కుంగి, విరిగి ఉంటాయి. మరో మెట్టు ఉందనుకుని అడుగేస్తే నిలువు లోతు. సంకల్పం చెప్పుకుని, మూడు మునకలు వేసి, దోసిలితో సూర్యుడికి అర్ఘ్యమిచ్చి, పితృదేవతలున్నవాళ్ళు నువ్వులతో తర్పణం వదిలి పైకి రావాలి. సబ్బు కూడదు. బట్ట నదిలో పిండకూడదు, గట్టు మీదే పిండాలి. పుష్యమాసం చలిలో వణుకుతూ దిగినవాళ్ళు నీళ్ళు వెచ్చగా ఉన్నాయని ఆశ్చర్యపోతారు. తెల్లవారుజామున గాలి కంటే నీరు వెచ్చన. వణుకంతా బయటికి వచ్చాకే మొదలవుతుంది. అందుకని పొడి తువ్వాలు పై మెట్టు మీద ఎదురుచూస్తూ ఉండాలి.

నారద ఘాట్‌లో దంపతులు కలిసి మునగరు. మునిగితే ఇంటికి కలహం వస్తుందని అక్కడివాళ్ళూ అంటారు, మన పెద్దవాళ్ళూ అంటారు.

యాత్రకు పటం ఒక శ్లోకంలోనే ఉంది. ‘విశ్వేశం మాధవం ఢుంఢిం దండపాణిం చ భైరవం, వందే కాశీం గుహాం గంగాం భవానీం మణికర్ణికాం’. రోజూ పొద్దున చదువుకునేవాళ్ళకు కూడా ఇది దారి చెప్పే శ్లోకమని కాశీ వెళ్ళాకే తడుతుంది. ఇందులో ఉన్నవాళ్ళందరినీ చూస్తే నిత్యయాత్ర అయినట్టు.

ముందు కాలభైరవుడు. ఊరికి కొత్వాలు ఆయన. ఆయన అనుమతి లేకుండా కాశీలో ఉండకూడదు. వెండి ముఖం తప్ప మిగతాదంతా బట్టలోనే ఉంటుంది. పూజారి నెమలి ఈకల కట్టతో వీపు మీద తడతాడు, నల్లదారం కడతాడు. మన కాశీతాడు అదే. ఇంటికి తీసుకెళ్ళడానికి కట్టలు కట్టలు కొనేవారు, పిల్లల మొలకూ మణికట్టుకూ కట్టడానికి.

విశ్వనాథుడి గుడి ఇప్పుడున్నది 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరాలకు బంగారం 1830లలో మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చాడు. గర్భగుడిలో స్వామి మధ్యలో ఉండడు. ఒక మూలగా, వెండి తొడుగు వేసిన చతురస్రపు గుంటలో చిన్న నల్లని లింగం. పాత రోజుల్లో గల్లీ రెండు చేతులు చాపితే అందేంత వెడల్పు. పూలు, పాలు, మారేడు అమ్మే కొట్లు, మధ్యలో ఆవు, దాని పక్కనుంచి ఒదిగి పోయే జనం. లోపలికి వెళ్ళి వంగి, చేత్తో స్వామిని తాకి, తెచ్చిన చెంబుడు గంగ మనమే పోసేవాళ్ళం. ఆ గల్లీలు, వాటిలోని ఇళ్ళు తీసేశాక, 2021 డిసెంబరు 13న కొత్త ధామం తెరిచారు. 3,000 చదరపు అడుగులున్న ఆవరణ దాదాపు 5 లక్షల చదరపు అడుగులైంది. లలితా ఘాట్ నుంచి మెట్లెక్కి నేరుగా గుడికి పోవచ్చు. ముసలివాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు ఇది నిజంగా మేలు. తొక్కిసలాట భయం తగ్గింది. కానీ స్పర్శదర్శనానికి కొన్ని వేళలే కేటాయించారు. మిగతా సమయంలో గుమ్మం బయట అమర్చిన పాత్రలో పాలు పోస్తే గొట్టం గుండా స్వామి మీద పడతాయి. చేతికి అందిన దేవుడు కంటికి మాత్రమే అందుతున్నాడన్న దిగులు పాతవాళ్ళకు తీరదు, నాకూ తీరదు.

తాకాలనుకునేవాళ్ళు తెల్లవారుజామునే వెళ్ళాలి. మంగళహారతి మూడింటికి. దానికి టికెట్ ముందే తీసుకుని రెండున్నరకల్లా ద్వారం దగ్గర ఉండాలి. రాత్రి ఏడింటి సప్తర్షి హారతి తప్పకూడదు. ఏడుగురు పండితులు చుట్టూ కూర్చుని చేసే ఆ మంత్రఘోష రాతిగోడల మధ్య తిరిగి వినిపించే తీరు దశాశ్వమేధ ఘాట్ మైకుల్లో ఎన్నటికీ రాదు. ఘాట్ మీది హారతి చూడముచ్చటైనదే. కానీ ఈ రూపంలో అది 1990లలో మొదలైంది. అంతకు ముందు కాశీ వెళ్ళొచ్చినవాళ్ళ జ్ఞాపకాల్లో అది ఉండదు. ఫోను, తోలు బెల్టు, పెన్ను కూడా లోపలికి రానివ్వరు. గదిలోనే వదిలి రావడం మంచిది.

విశాలాక్షి గుడిలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎదురుగా ఉన్న పెద్ద విగ్రహానికి దండం పెట్టి తిరిగి వచ్చేస్తారు. ఆమె వెనకే గోడ దగ్గర పాత విగ్రహం, చిన్నది, అరిగిపోయినది ఉంది. పక్కకు జరిగి, మెడ చాచి చూస్తేనే కనిపిస్తుంది. పూజారిని అడిగితే దీపం అటు తిప్పుతాడు. గుడికి దక్షిణాది గోపురం ఎందుకుందంటే, దాన్ని పునరుద్ధరించింది తమిళనాడు వర్తకులైన నాట్టుకోట్టై నగరత్తారులు. విశ్వనాథుడి పూజాద్రవ్యాలు కూడా వాళ్ళ సత్రం నుంచి రోజూ ‘శంభో’ అంటూ వీధిలో నడిచి వెళతాయి.

వారాహి అమ్మవారి గుడి తెల్లవారుజామున కొద్ది గంటలే తెరుస్తారు. అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తు నేలలో ఉన్న రెండు కన్నాల్లోంచి వంగి చూడాలి. ఒక దాంట్లోంచి ముఖం, ఇంకో దాంట్లోంచి పాదాలు. కళ్ళజోడు ఊడి కన్నంలో పడకుండా చేత్తో పట్టుకోండి.

బిందుమాధవుడు పంచగంగా ఘాట్ మీద. గంగ, యమున, సరస్వతి, కిరణ, ధూతపాప కలిసే చోటంటారు. మెట్లు నిట్టనిలువు, ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగాలి. ఆ పై గల్లీలోనే త్రైలింగస్వామి మఠం. త్రైలింగుడంటే తెలుగువాడు. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి, కాశీలోనే ఉండి 1887లో సిద్ధి పొందారు. ఆయన్ను చూసి రామకృష్ణ పరమహంస నడిచే శివుడన్నారు. మఠంలో ఆయన పూజించిన పెద్ద లింగం ఉంది. కాశీ వెళ్ళిన తెలుగువాళ్ళలో సగం మంది ఈ గుమ్మం తొక్కకుండా తిరిగొస్తారు. అదే బాధ. కార్తీకంలో వెళితే ఇక్కడ ఆకాశదీపాలు చూడాలి. పొడుగాటి వెదురు బొంగులు పాతి, అల్లిన బుట్టల్లో దీపం పెట్టి, తాడు లాగి పైకెత్తుతారు. మన ఊరి శివాలయం ధ్వజస్తంభం మీద ఒకటే వెలుగుతుంది, ఇక్కడ గట్టు పొడుగునా.

కేదారేశ్వరుడి దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. ఎరుపు తెలుపు చారల గోడ నదిలోంచే కనిపిస్తుంది. పక్క ఘాట్ విజయనగరం రాజావారిది. లింగం నున్నగా చెక్కింది కాదు, రాయి ముద్దలా ఉండి మధ్యలో గీత ఉంటుంది. మాంధాత వండుకున్న పులగాన్ని అతిథికి సగం, తనకు సగం అని గీసిన గీత అది. ఆ పులగమే శివుడైందని కథ. పొద్దున్నే గంగలో మునిగి, తడిబట్టతో మెట్లెక్కి, చెంబుతో తెచ్చిన నీళ్ళు పోయవచ్చు. విశ్వనాథుడి దగ్గర పోయిన ఆ చనువు ఇంకా ఇక్కడ దొరుకుతోంది.

అక్కడికి దగ్గర్లోనే తిలభాండేశ్వరుడు. ఏడాదికి నువ్వుగింజంత పెరుగుతాడంటారు, చూస్తే నమ్మబుద్ధేసేంత పెద్దవాడు. దుర్గాకుండం దాటి ఇంకొంత దూరం పోతే గవ్వలమ్మ. స్థానికులను కౌడీ మాత అని అడగాలి. ఐదు గవ్వలు కొని ‘కాశీ ఫలం నాకు, గవ్వల ఫలం నీకు’ అని అమ్మ ముందు వదలాలి. అది చెప్పకపోతే యాత్రాఫలమంతా ఆమెకే పోతుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే ఆ గుడి ముందు వినపడేదంతా తెలుగూ తమిళమే. ఆటోవాడికి ‘దుర్గాకుండ్, సంకట్‌మోచన్, కౌడీమాత’ మూడూ కలిపి ముందే బేరం ఆడుకోవాలి. దారిలో ఒక్కొక్కటి చెబితే ఒక్కొక్కదానికి ధర పెరుగుతుంది.

పంచతీర్థికి, అంటే ఐదు తీర్థాల్లో వరసగా చేసే స్నానానికి, పడవ కావాలి. వరస ఇది: అసి సంగమం, దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, చివరకు మణికర్ణిక. అసి దగ్గర ఎక్కితే ఆదికేశవం ఉన్న వరుణ సంగమం దాకా ప్రవాహమే మోస్తుంది. తెడ్డు పడవైనా చాలు. ఆదికేశవం నుంచి వెనక్కి పంచగంగకు రావడం ఎదురు. పాత రోజుల్లో పడవవాళ్ళు మోకు కట్టి, గట్టు వెంట నడుస్తూ లాగేవారు. ఇప్పుడు ఇంజను పడవలు. తెడ్డు పడవే కావాలంటే పడవవాణ్ణి గట్టుకు దగ్గరగా నడపమనాలి. అక్కడ వడి తక్కువ. ప్రతి చోటా బట్ట మార్చక్కర్లేదు. తడిబట్టతోనే ఐదూ ముగించి మణికర్ణికలో మార్చుకుంటారు. చలికాలంలో పెద్దవాళ్ళు ఐదు చోట్లా మునగకుండా నాలుగు చోట్ల నెత్తిన నీళ్ళు చల్లుకుని మణికర్ణికలో మునిగినా దోషం లేదని పురోహితులే చెబుతారు.

మణికర్ణిక స్నానం మధ్యాహ్నం. ఆ వేళకు సకల తీర్థాలూ అక్కడికి వస్తాయంటారు. పక్కనే విష్ణువు చక్రంతో తవ్వాడనే చక్రపుష్కరిణి, ఇటు రాత్రీ పగలూ ఆరని చితులు. కట్టెలు తూకం వేసి అమ్ముతారు. పెద్ద త్రాసులు బహిరంగంగానే ఉంటాయి. ఫొటో తీయకూడదు. ‘పైనుంచి బాగా కనిపిస్తుంది రండి’ అని ఎవరైనా పిలిస్తే వెళ్ళకూడదు. కట్టెల విరాళమంటూ పెద్ద మొత్తం అడుగుతారు. హరిశ్చంద్ర ఘాట్ మనవాళ్ళ సత్రాలకు దగ్గర. ఊళ్ళో రాత్రంతా కాటిసీను పద్యాలు విని పెరిగిన తెలుగువాళ్ళు ఆ మెట్ల దగ్గర మాట్లాడకుండా నిలబడిపోతారు.

తిండికి వస్తే, పొద్దున కచోడీ, బంగాళాదుంప కూర, జిలేబి. మట్టిపిడతలో టీ. చలికాలంలో అయితే మలైయో. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకొచ్చిన నురగకు కుంకుమపువ్వు, యాలకులు కలిపి పిడతల్లో పెడతారు. నోట్లో పెట్టుకుంటే గాలి, తీపి తప్ప ఏమీ మిగలదు. ఎండ ఎక్కితే నురగ కూలిపోతుంది కనుక తొమ్మిది దాటాక వెతకడం దండగ.

ఎప్పుడు వెళ్ళాలంటే, కార్తీకం, లేదంటే మాఘం చివర నుంచి ఫాల్గుణం. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తిరుగు బండిని నమ్ముకుని మరో బండికి టికెట్ పెట్టుకోకూడదు. శ్రావణ భాద్రపదాల్లో వరద. కాశీ దగ్గర ప్రమాదస్థాయి 71.26 మీటర్లు. 1978లో 73.9 దాకా వచ్చింది. వరద వస్తే ఘాట్ల మధ్య దారి తెగిపోతుంది, పడవలు ఆపేస్తారు, హారతి మేడల మీదికి, చితులు పై అరుగుల మీదికి ఎక్కుతాయి. నీరు తీశాక మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది. మోటార్లతో నీళ్ళు కొట్టి కడగడానికి వారాలు పడుతుంది. ఆ సమయంలో వెళ్ళినవాళ్ళు ఎక్కువగా పడేది ఆ ఒండ్రులోనే. గంగా పుష్కరాలు ఎండాకాలంలో వస్తాయి. 2023లో ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు జరిగాయి. గల్లీలన్నీ తెలుగుతో నిండిపోయాయి. మళ్ళీ 2035లో. అప్పుడు వెళ్ళేవాళ్ళు స్నానం సూర్యోదయానికి ముందే ముగించి, పగలంతా నీడపట్టున ఉండాలి.

చెంబు సంగతి చివరికి దాచాను. పెద్దవాళ్ళు కాశీలో గంగ పట్టేవారు కాదు. ఇక్కడి నీటిలో ఉన్న సూక్ష్మప్రాణికి కూడా ముక్తి రాసిపెట్టి ఉంది, దాన్ని బయటికి మోసుకుపోకూడదనేవారు. చెంబులు కాశీలో కొని, గంగ ప్రయాగలో పట్టేవారు. అక్కడ పడవలో సంగమానికి వెళితే తెల్లని గంగ, పచ్చని యమున కలిసే గీత కనిపిస్తుంది. దంపతులకు వేణీదానం అక్కడే. భర్తే భార్య తల దువ్వి, జడ వేసి, పూలు పెట్టి, కొసన రెండు మూడు అంగుళాలు కత్తిరించి ఆమె చేతికిస్తే ఆమె నీటిలో వదులుతుంది. జీవితమంతా భార్య జడ ముట్టని మనుషులు ఆ పడవలో దువ్వెన పట్టుకోవడం చేతకాక తడబడేవారు. ఆమె తలవంచుకుని చెప్పేది, ఇలా మూడు పాయలు తీయండని. రామేశ్వరం నుంచి తెచ్చిన సేతువు ఇసుక కూడా ఆ సంగమంలోనే కలిపేవారు, అక్కడి గంగ మళ్ళీ రామేశ్వరుడి అభిషేకానికి వెళ్ళేది.

పట్టిన నీటిని వెంటనే చెంబుల్లో పోయకూడదు. పెద్ద పాత్రలో గుడ్డ కట్టి వడబోసి, ఒక రాత్రి కదపకుండా ఉంచితే ఒండ్రు అడుగుకు చేరుతుంది. పైతేట తీసి పోయాలి. చెంబును నిండా నింపితే రెండు తిప్పలు. మూతి తడిగా ఉండి మాటు పట్టదు, పట్టినా ఎండకు నీరు పొంగి మూత ఊడిపోతుంది. అంగుళం ఖాళీ ఉంచి, మూతి చుట్టూ పొడిగుడ్డతో బాగా తుడిచి ఇవ్వాలి. మాటు వేయించాక ఒక రాత్రి పాత పంచె మీద తలకిందులుగా పెట్టి చూడాలి. పొద్దున గుడ్డ మీద చెమ్మ ఉంటే మళ్ళీ మాటు. ఈ పని తిరుగు బండికి ఒక రోజు ముందే అయిపోవాలి. లేకపోతే ఆవకాయ జాడీ ఖాళీ అయిన ట్రంకుపెట్టెలో పట్టుచీరలు తడుస్తాయి.

గయలో విష్ణుపాదం గుడి కూడా అహల్యాబాయి కట్టించిందే, 1787లో. ఫల్గు నదిలో ఒకప్పుడు ఇసుక తవ్వితే చెలమలో నీరు వచ్చేది, ఆ నీటితోనే పిండాలు కలిపేవారు. 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక నీరు నిలుస్తోంది. అక్షయవటం కింద ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు ఇక తిననని వదలాలి. ఇష్టమైనదే వదలాలన్నది నియమం.

ఇంటికొచ్చాక కాశీ సమారాధన. చెంబులన్నీ పీట మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ రాసి పూజ చేసేవారు. ఒక చెంబు విప్పి అందరికీ తీర్థం ఇచ్చేవారు. వచ్చినవాళ్ళకు కాశీతాడు, అన్నపూర్ణ పటం, దగ్గరివాళ్ళకు మాటు వేసిన చెంబు. పప్పు, పులిహోర, పరమాన్నంతో భోజనాలు. విస్తరి ముందు కూర్చున్న ఆ ఇంటి పెద్దాయన దగ్గరికి వంకాయ కూర గిన్నె రాగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు, గయలో వదిలేశానమ్మా అని. వడ్డించే కోడలు గిన్నె వెనక్కి తీసుకుని, పప్పు ఇంకో గరిటె వేసేది.